‘తట్టుకునే’ గోధుమ: బోరాన్ నేలలు, సాగులో లేని దాయాదులు, తెలుగు పరిభాష – ఒక విమర్శ

వ్యాససంగ్రహం:

పంటమొక్కలు ప్రతికూలమైన నేలల్లో బతకడాన్ని తెలుగు వ్యవసాయరచనలూ విజ్ఞానరచనలూ ఎక్కువగా ‘తట్టుకోవడం’, ‘సహనం’, ‘సహిష్ణుత’ అనే మాటలతో చెబుతున్నాయి. బోరాన్ అధికంగా ఉన్న నేలల్లో గోధుమ, దాని సాగులో లేని దాయాదులు మనుగడ సాగించే తీరును ఆధారం చేసుకుని ఈ మాటల అర్థపరిధిని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వేరు బోరాన్‌ను తోడిపోయడం, ఆకు దానిని పక్కకు జరపడం, కణం దానిని భరించడం అనే భిన్నమైన పనులను ఒకే మాట కప్పివేస్తున్నదనీ, ‘అడవి’ అనే విశేషణం రైతుల నాటు రకాల పాత్రను మరుగుపరుస్తున్నదనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: బోరాన్, గోధుమ, ఏజిలోప్స్, నాటు రకాలు, విజ్ఞానరచన, పరిభాష, రూపకం.

1. ప్రవేశిక:

వ్యవసాయ పత్రికల్లో, విత్తన సంచుల మీద, విస్తరణ అధికారుల ఉపన్యాసాల్లో తెలుగు పాఠకుడికి తరచుగా ఎదురయ్యే మాట ‘తట్టుకునే’. బెట్టను తట్టుకునే జొన్న, చౌడును తట్టుకునే వరి, ఎండుతెగులును తట్టుకునే కంది. మాట సులభమైనది, అందరికీ అర్థమయ్యేది. అందుకే దానిని ఎవరూ ఆగి చూడరు.

‘తట్టుకొను’ అనే క్రియ వాడుకను గమనిస్తే దానిలో ఒక స్థిరమైన అర్థచ్ఛాయ కనిపిస్తుంది. ఎండను తట్టుకోలేకపోవడం, మాటను తట్టుకోలేకపోవడం, దెబ్బను తట్టుకుని నిలబడడం – ఈ ప్రయోగాలన్నింటిలోనూ దెబ్బ ముందుగా శరీరానికో మనసుకో తగులుతుంది. తగిలిన తరువాత ఆ వ్యక్తి పడిపోతాడా, నిలబడతాడా అన్నదే క్రియ చెప్పే విషయం. దెబ్బ తగలకుండా పక్కకు తప్పుకున్నవాడిని తట్టుకున్నవాడు అనరు. గొడుగు వేసుకున్నవాడు వానను తట్టుకున్నాడనీ అనరు. ‘ఓర్చుకొను’, ‘భరించు’, ‘సహించు’ అనే క్రియలలో ఈ చ్ఛాయ ఇంకా గాఢమైనది. అక్కడ బాధ కూడా తోడవుతుంది.

మొక్కల విషయంలో ఈ భేదం కేవలం మాటల తగాదా కాదు. మొక్కల రోగశాస్త్రంలో ‘రెసిస్టెన్స్’ అంటే రోగకారకాన్ని అడ్డుకోవడం లేదా దాని వృద్ధిని పరిమితం చేయడం. ‘టాలరెన్స్’ అంటే రోగం వచ్చినప్పటికీ దిగుబడి పెద్దగా పోగొట్టుకోకపోవడం. ఈ రెండూ వేర్వేరు గుణాలు. తెలుగులో మొదటిదానికి ‘నిరోధకత’ అనే పదం ఉన్నప్పటికీ వాడుకలో రెండూ ‘తట్టుకునే’ అనే ఒక్క మాటలోకి ఒదిగిపోయాయి. నేల, నీరు, ఉప్పు, లోహాల విషయానికి వస్తే ‘నిరోధకత’ కూడా వెనక్కి తగ్గి, ‘తట్టుకోవడం’ ఒక్కటే మిగులుతుంది. ఈ లోపం తెలుగుదొక్కటే కాదని కూడా చెప్పాలి. బోరాన్ విషయంలో ఇంగ్లీషు పరిశోధకులూ అన్ని రకాల మనుగడలనూ ‘బోరాన్ టాలరెన్స్’ అనే ఒకే శీర్షిక కింద ఉంచారు. అయితే వారి వ్యాసాలలో శీర్షిక కింద కొలతలు ఉంటాయి. తెలుగు రచనకు వచ్చేసరికి కొలతలు రాలిపోయి శీర్షిక మాత్రమే మిగులుతుంది.

మొక్కలకు మానవక్రియలను ఆపాదించడంలోని చిక్కును డార్విన్ 1859లోనే గుర్తించాడు. జీవన పోరాటం అనే మాటను తాను విశాలమైన, ఆలంకారికమైన అర్థంలో వాడుతున్నానని ముందుగా చెప్పి, ఎడారి అంచున ఉన్న మొక్క కరువుతో పోరాడుతోందనడం కంటే తేమపై ఆధారపడుతోందనడమే సరైనదని వివరించాడు. రూపకాన్ని వాడుతూనే దాని పరిమితిని పాఠకుడికి చెప్పిన ఆ జాగ్రత్త విజ్ఞానరచనకు ఎప్పుడూ అవసరమే. గోధుమ – బోరాన్ ఉదాహరణను ఇక్కడ ఎంచుకోవడానికి కారణం, మొక్క నిజంగా ఏం చేస్తుందో ఈ విషయంలో చాలావరకు తెలియడం. ఏ పని జరుగుతుందో తెలిసినప్పుడే దానికి పెట్టిన పేరు సరైనదో కాదో తేల్చగలం.

2. కొంచెమే కావలసిన పదార్థం:

బోరాన్ మొక్కలకు అత్యవసరమని 1923లో కేథరిన్ వారింగ్టన్ ఇంగ్లండులోని రాథమ్‌స్టెడ్‌లో నిరూపించారు. కణకుడ్యంలోని పెక్టిన్ గొలుసులను ఒకదానితో ఒకటి కలిపి ఉంచేది బోరాన్. అది చాలనప్పుడు గోధుమలో పుప్పొడి సరిగా తయారుకాదు, కంకి వస్తుంది గానీ గింజ పట్టదు. అదే బోరాన్ హద్దు దాటితే ఆకుల కొనలు పసుపెక్కి, మాడి, ఆ మాడు ఆకు మొదలు వైపు పాకుతుంది. నీటితోపాటు వేరు నుంచి ఆకుకు చేరిన బోరాన్, నీరు ఆవిరైపోయాక ఆకు కొనలో మిగిలిపోవడమే దీనికి కారణం. చాలడానికీ మించడానికీ మధ్య ఉన్న ఎడం చాలా తక్కువ. ఇతర పోషకాల నుంచి బోరాన్‌ను వేరుచేసే ప్రధాన లక్షణం ఇదే. దీనిని విషం అని మాత్రమే పిలిచే రచన సగం సత్యాన్నే చెబుతుంది.

అధిక బోరాన్ వానలు తక్కువగా పడే ప్రాంతాల సమస్య. వాన ఎక్కువగా పడే చోట బోరాన్ నీటితో కొట్టుకుపోతుంది. సముద్రపు అవక్షేపాల నుంచి ఏర్పడిన పొడినేలల్లో అది నిలిచిపోతుంది. దక్షిణ ఆస్ట్రేలియాలో ఇది పైమట్టిలో కంటే లోతైన పొరల్లో ఎక్కువగా ఉంటుంది. అందుకే అక్కడి రైతులకు చాలాకాలం దాని ఉనికే తెలియలేదు. బార్లీ ఆకుల మీద కనిపించే గోధుమరంగు మచ్చలను ఆకుమచ్చ తెగులుగా భావించేవారు. 1984లో కార్ట్‌రైట్, ఆయన సహచరులు గ్లాడ్‌స్టోన్ ప్రాంతపు ఎర్రనేలల్లో బోరాన్ విషస్థాయిలో ఉందని ప్రకటించిన తరువాతనే ఆ మచ్చలకు అసలు కారణం బయటపడింది. కంటికి కనబడిన లక్షణానికి తెలిసిన పేరు పెట్టడం వల్ల కారణం ఎంతకాలం దాగి ఉండగలదో చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ.

రెండో ప్రసిద్ధ ప్రాంతం టర్కీలోని మధ్య అనతోలియా. ప్రపంచ బోరాన్ నిల్వల్లో అత్యధిక భాగం టర్కీలోనే ఉంది. కొన్యా, ఎస్కిషెహిర్ ప్రాంతాల పొడి గోధుమ పొలాల్లో బోరాన్ ఆధిక్యం గుర్తించబడిన సమస్య. గోధుమ పుట్టిన ప్రాంతాల్లో కొన్ని కూడా ఇదే దేశంలో ఉన్నాయి. సాగులోని ఐన్‌కార్న్ గోధుమకు జన్యుపరంగా అతి దగ్గరి సాగులో లేని మొక్కలు ఆగ్నేయ టర్కీలోని కరజదాగ్ కొండల్లో ఉన్నాయని 1997లో ఒక పరిశోధన తేల్చింది. ఈ రెండు వాక్యాలను పక్కపక్కన పెడితే ఒక కథ దానంతట అదే అల్లుకుంటుంది: బోరాన్ నేలలో పుట్టిన గోధుమ కనుక దాని పూర్వీకులు బోరాన్‌కు అలవాటు పడ్డాయి, మనిషి సాగులోకి తెచ్చాక ఆ శక్తి పోయింది. వినడానికి ఇంపుగా ఉన్న ఈ కథలో దూరం అనే అంశం లేదు. కొన్యా మైదానానికీ కరజదాగ్‌కూ మధ్య వందల కిలోమీటర్ల ఎడం ఉంది. కరజదాగ్ అగ్నిపర్వత శిలల కొండ. ఒకే దేశం సరిహద్దుల్లో ఉన్నంత మాత్రాన రెండు నేలలు ఒకటి కావు. ఏ మొక్క ఏ నేలలో నుంచి సేకరించబడిందో, ఆ నేలలో బోరాన్ ఎంతో చెప్పకుండా ‘బోరాన్ నేలల్లో పెరిగిన ప్రాచీన గోధుమ’ అనడం చరిత్ర కాదు, ఊహ.

3. చిల్లుపడిన పడవ:

నేలలోని నీటిలో బోరాన్ ఎక్కువగా బోరిక్ ఆమ్లం రూపంలో ఉంటుంది. ఆ అణువు చిన్నది, సాధారణ నేలల్లో విద్యుదావేశం లేనిది. అందువల్ల కణత్వచం దానిని పూర్తిగా ఆపలేదు. సోడియం వంటి ఆవేశం ఉన్న అయానులను ఆపినట్లు బోరిక్ ఆమ్లాన్ని ద్వారం దగ్గర ఆపడం సాధ్యం కాదు. అది కణంలోకి చొచ్చుకొస్తుంది. లోపల అధికమైతే రైబోజ్ ఉన్న అణువులకు అతుక్కుని, శక్తిమార్పిడిలోనూ కణవిభజనలోనూ జోక్యం చేసుకుంటుందని వివరిస్తారు.

మరి కొన్ని రకాలు ఎలా బతుకుతున్నాయి? బార్లీలో దీనికి సమాధానం 2004లో హేస్, రీడ్ ఇచ్చారు. బతికే రకాలు తమ వేళ్లలో నుంచి బోరాన్‌ను వెలికి పంపుతున్నాయి. ప్రవేశాన్ని ఆపడం కాదు, ప్రవేశించినదానిని తిరిగి పంపడం. 2007లో సటన్ బృందం ఆ పని చేసే బార్లీ జన్యువును గుర్తించి బాట్1 అని పేరు పెట్టింది. ఉత్తర ఆఫ్రికాకు చెందిన సహారా 3771 అనే నాటు బార్లీలో ఆ జన్యువు ప్రతులు, బోరాన్‌కు లొంగిపోయే క్లిప్పర్ రకంలో కంటే దాదాపు నాలుగు రెట్లు ఉన్నాయి. గోధుమలో ఇదే రకమైన, వేళ్లలో మాత్రమే పనిచేసే బోరాన్ వాహక జన్యువులను 2014లో పలోటా బృందం వెలుగులోకి తెచ్చింది.

ఈ పనికి తెలుగులో తగిన పేరు ఏది? ‘బహిష్కరణ’, ‘వెలివేత’ అనే మాటలు ముందుగా తోస్తాయి. రెండూ సరిపోవు. వెలివేసినది మళ్లీ ఊళ్లోకి రాకూడదు, కానీ బోరాన్ ప్రతిక్షణం వస్తూనే ఉంటుంది. పైగా కొంత బోరాన్ మొక్కకు కావలసిందే. ఆ మాటల వెనుక తెలుగు సమాజంలో ఉన్న అవమానచరిత్ర కూడా వాటిని వృక్షశాస్త్రంలోకి తేలికగా తెచ్చుకోనివ్వదు. తెలుగులో ఇంతకంటే కచ్చితమైన క్రియ ఉంది: ‘తోడిపోయడం’. చిల్లుపడిన పడవలోకి నీరు వస్తూనే ఉంటుంది. పడవవాడు దోసిలితోనో డబ్బాతోనో తోడిపోస్తూనే ఉంటాడు. నీటిని ఆపలేడు, నీటిని భరించనూ లేడు. పడవ మునగకుండా ఉండడం రెండు వేగాల మధ్య తేడాపై ఆధారపడి ఉంటుంది. వేరు చేసేది సరిగ్గా ఇదే. ఈ క్రియ మరో ప్రశ్నను కూడా తనతో తెస్తుంది: తోడేవాడికి అలసట ఉంటుంది గదా, మొక్కకు అయ్యే ఖర్చు ఎంత? ‘సహనం’ అనే మాట ఈ ప్రశ్నను పుట్టించదు. ఓర్పు ఖరీదు లేనిదిగా, గుణంగా మాత్రమే మన వాడుకలో చెలామణీ అవుతుంది. తెలుగులో ఓర్పుకు ఉపమానం భూదేవి. ఇక్కడ సమస్య ఆ భూమి నుంచే రావడం ఆ ఉపమానానికి ఎదురైన చిన్న వ్యంగ్యం.

మరో చిక్కు కూడా గమనించదగినది. అరబిడాప్సిస్ మొక్కలో 2002లో కనుగొన్న బోర్1 అనే వాహకం, బోరాన్ కరువైనప్పుడు దానిని వేరు నుంచి పైకి సరఫరా చేస్తుంది. బోరాన్ ఎక్కువైతే మొక్క ఆ వాహకాన్ని తానే విచ్ఛిన్నం చేసుకుంటుంది. అదే కుటుంబానికి చెందిన బోర్4ను ఎక్కువగా తయారుచేసేలా మార్చిన మొక్కలు అధిక బోరాన్‌లో బతికాయని 2007లో తేలింది. కూడబెట్టే పనీ తోడిపోసే పనీ ఒకే ప్రోటీను కుటుంబం చేస్తున్నదన్నమాట. విషంతో యుద్ధం, రక్షకకవచం వంటి వీరరసపు మాటలు ఈ సన్నివేశానికి నప్పవు. ఇది ఇంటి పద్దు చూసుకునే పని.

4. ఆకు, వాన:

వేరు దగ్గర కథ పూర్తికాదు. తోడిపోయగా మిగిలిన బోరాన్ ఆకుకు చేరుతుంది. అక్కడ జరిగే పనిని రీడ్, ఫిట్జ్‌ప్యాట్రిక్ 2009లో వివరించారు. బార్లీ, గోధుమల్లో బతికే రకాలు ఆకుకణాల లోపల ఉన్న బోరాన్‌ను కణాల వెలుపలి ఖాళీలలోకి జరుపుతాయి. ఆకులో ఉన్న మొత్తం బోరాన్ తగ్గదు, హాని చేసే చోట నుంచి హాని చేయని చోటికి మారుతుంది. వాన పడితే ఆ వెలుపలి బోరాన్‌లో కొంత కొట్టుకుపోతుంది. బాట్1 జన్యువు ఆకుల్లో కూడా పనిచేస్తుండడాన్ని చూసి, ఆకు కొనల్లో తెల్లవారుజామున నిలిచే నీటి బొట్ల ద్వారా కూడా మొక్క బోరాన్‌ను వదిలించుకుంటుందని సటన్ బృందం సూచించింది.

వాన అనే ఈ ఒక్క అంశం ప్రయోగశాల ఫలితాలను చదివే తీరునే మారుస్తుంది. గాజుగదిలో పెరిగిన మొక్కకు వాన ఉండదు. అక్కడ మాడిన ఆకు పొలంలో మాడకపోవచ్చు. ఆకులోని బోరాన్ పరిమాణం కొలిచి మొక్క బలాన్ని అంచనా వేయడమూ ఇదే కారణంగా మోసగించవచ్చు. టర్కీలో గోధుమ, బార్లీ రకాలపై జరిగిన కొన్ని పరీక్షల్లో ఆకులోని బోరాన్‌కూ పంట నష్టానికీ మధ్య సూటి సంబంధం కనబడకపోవడం గమనార్హం.

నిజంగా ‘భరించే’ మొక్కలు లేకపోలేదు. ఎస్కిషెహిర్ దగ్గరి కిర్కా బోరాన్ గనుల ప్రాంతంలో పెరిగే జిప్సోఫిలా స్ఫీరోసెఫాలా ఇతర మొక్కలు బతకలేనంత బోరాన్‌ను తన ఆకుల్లో నింపుకుంటుంది. ‘ఓర్చుకొను’ అనే క్రియకు అది అర్హమైన మొక్క. అయితే అది గోధుమకు ఏ వరుసలోనూ బంధువు కాదు. దాని గుణాన్ని గోధుమకు ఆపాదించే రచన రెండు వేర్వేరు జీవితాలను కలిపి ఒక పురాణపురుషుణ్ణి తయారుచేస్తుంది.

5. ‘అడవి’ అనే విశేషణం:

ఇంగ్లీషు ‘వైల్డ్’ అనే మాటకు తెలుగులో ‘అడవి’ స్థిరపడింది. అడవి పంది, అడవి మల్లె, అడవి ఆముదం అనే జతల్లో అది సహజంగానే ఒదుగుతుంది. కానీ ‘అడవి గోధుమ’ అనగానే తెలుగు పాఠకుడి కళ్లముందు నిలిచే నల్లమల వంటి దృశ్యానికీ ఏజిలోప్స్ మొక్కలు పెరిగే చోటుకూ పోలిక లేదు. అవి రాతివాలుల మీద, గడ్డిమైదానాల్లో, దారి పక్కన, తరచుగా గోధుమ చేను గట్ల మీదే మొలుస్తాయి. కొన్ని పొలంలో కలుపుగా కూడా వస్తాయి. మనిషికి దూరంగా ఉన్న ఆదిమప్రకృతి అవి కావు. వేల ఏళ్లుగా చేను పక్కనే బతుకుతున్న మొక్కలు. వీటికి ‘సాగులో లేని’ అనే సాదా విశేషణం మేలు. ‘దాయాదులు’ అనే మాట కూడా ఇక్కడ అందంగా అమరుతుంది. నేటి రొట్టె గోధుమలోని 42 క్రోమోజోములు మూడు వంశాల నుంచి వచ్చినవి. ఒకటి ట్రిటికమ్ ఉరార్టు నుంచి, రెండోది ఏజిలోప్స్ స్పెల్టాయిడిస్‌కు దగ్గరి మొక్క నుంచి, మూడోది ఏజిలోప్స్ టౌషీ నుంచి. ఒకే ఆస్తిలో వాటాలు పంచుకున్నవారిని తెలుగువారు పిలిచే పేరు అదే.

సాగులో లేని దాయాది వచ్చి పంటను రక్షించే కథ అబద్ధమేమీ కాదు. వరి విషయంలో అది అక్షరాలా జరిగింది. 1970లలో ఆసియాను వేధించిన గ్రాసీ స్టంట్ వైరస్‌కు నిరోధకత ఉత్తరప్రదేశ్‌లో సేకరించిన ఒరైజా నివారా మొక్కల్లో దొరికింది. దానితో తయారైన ఐఆర్36 విస్తారంగా సాగయింది. ఆ మొక్కకు తెలుగులో ‘నివ్వరి’ అనే సొంత పేరు ఉంది. ‘అడవి వరి’ అనే అనువాదంతో అవసరమే లేదు. ఈ విజయం ఎంత ఆకర్షణీయమైనదంటే, తరువాతి ప్రతి కథనూ దాని అచ్చులోనే పోయడం రివాజైంది. 1906లో ఆరన్ ఆరన్‌సన్ రోష్‌పినా వద్ద సాగులో లేని ఎమ్మర్ గోధుమను గుర్తించినప్పటి నుంచీ గోధుమ చరిత్ర కూడా ఈ అచ్చుకు అలవాటు పడింది. (అదే 1906లో తెలుగులో విజ్ఞానచంద్రికా మండలి స్థాపితమైంది. ఆధునిక విజ్ఞానాన్ని తెలుగులో చెప్పే ప్రయత్నం ఎమ్మర్ ఆచూకీ తెలిసిన ఏడాదే సంఘటిత రూపం దాల్చింది.)

బోరాన్ విషయంలో ఆధారాలు వేరే చోటుకు దారి చూపుతాయి. ఇప్పటివరకు అణుస్థాయిలో వివరించబడిన, పొలానికి చేరిన గుణాలు చాలావరకు రైతుల నాటు రకాల నుంచీ పాత సాగు రకాల నుంచీ వచ్చినవే. బార్లీకి ఆధారమైన సహారా 3771 నాటు రకం. గోధుమలో అత్యంత బలమైన వనరుల్లో ఒకటైన జి61450 గ్రీసు నాటు గోధుమ. ఆస్ట్రేలియాలో విస్తారంగా సాగిన హాల్బర్డ్ రకానికి ఈ గుణం ఉందని తరువాత తెలిసింది. దక్షిణ ఆస్ట్రేలియా గోధుమ ప్రజనకులు బోరాన్ పేరు కూడా తలవని కాలంలో, కేవలం దిగుబడి చూసి ఎంచుకుంటూ పోయినప్పుడు, బోరాన్ నేలల్లో నిలిచిన రకాలే మిగిలాయి. గుణాన్ని వెతికినవారు లేరు, నేలే జల్లెడ పట్టింది. పలోటా బృందం ఫలితాలు మరో పొరను చేర్చాయి. రొట్టె గోధుమలోని ఈ గుణం వెనుక 28 క్రోమోజోముల చతుస్థితిక గోధుమ నుంచి వచ్చిన జన్యుభాగం, జన్యువు రెండింతలై వేరే చోట స్థిరపడడం, దాని నిర్మాణంలో, పనిచేసే స్థాయిలో మార్పులు ఉన్నాయి. అంటే దాయాదుల మధ్య ఇచ్చిపుచ్చుకోవడం జరిగింది. కానీ అది ఎవరి ప్రయోగశాలలోనూ కాదు, రైతుల చేలలో జరిగింది.

ఈ నేపథ్యంలో ‘అడవి గోధుమ రక్షిస్తుంది’ అనే వాక్యం ఇద్దరికి అన్యాయం చేస్తుంది. పేరు తెలియని తరాల రైతులు నిలబెట్టిన నాటు గింజ ప్రకృతి ఖాతాలో పడుతుంది. సాగులో లేని మొక్క ఇంకా నిరూపించుకోవలసిన గుణం ముందుగానే దాని ఖాతాలో జమ అవుతుంది. తెలుగు విమర్శ కథాసాహిత్యంలో శ్రమను ఎవరు చేశారు, ఫలం ఎవరి పేరున చలామణీ అయింది అని అడగడం నేర్చుకున్నది. విజ్ఞానరచనను చదివేటప్పుడు ఆ ప్రశ్నను పక్కన పెట్టవలసిన కారణం లేదు.

6. దాయాదుల గురించి ఏమనవచ్చు?:

ఏజిలోప్స్ జాతులపై బోరాన్ పరిశోధన వ్యర్థమని దీని అర్థం కాదు. కొన్యాలోని సెల్చుక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఏజిలోప్స్, ఎమ్మర్ వంటి గోధుమ దాయాదులను అధిక బోరాన్ ద్రావణాల్లో పెంచి, వాటి మధ్య గణనీయమైన వైవిధ్యాన్ని పరిశీలిస్తున్నారు. ఒకే జాతికి చెందిన మొక్కల్లోనే కొన్ని బాగా పెరగడం, కొన్ని కుంగిపోవడం ఇటువంటి పరీక్షల్లో సాధారణం. కనుక ‘ఏజిలోప్స్ బోరాన్‌ను తట్టుకుంటుంది’ అనే జాతివాక్యం మొదటి అడుగులోనే తప్పు. తట్టుకునేది జాతి కాదు, ఫలానా చోట సేకరించిన ఫలానా విత్తనపు మొక్క.

ఆ మొక్క బాగా పెరిగిందని తేలినప్పుడు కూడా రచయిత ముందు తేల్చవలసిన విషయం బోరాన్ ఎక్కడ ఉందన్నది. వేరులోనూ ఆకులోనూ తక్కువగా ఉంటే మొక్క తోడిపోసింది. ఆకులో ఎక్కువగా ఉండి ఆకు పచ్చగానే ఉంటే పక్కకు జరిపింది లేదా నిజంగా భరించింది. ఈ రెండింటినీ వేరుచేయడానికి ఆకులోని బోరాన్ కణం లోపల ఉందా, వెలుపల ఉందా అని చూడాలి. ఇక సహజమైన నేలలో ఆ మొక్క బోరాన్ లోతు పొరల్లో ఉన్న చోట పైపొరల్లోనే వేళ్లు పరచుకుని, వేసవి ముదరకముందే గింజ రాల్చి ఉంటే, అది తప్పించుకున్నది. ప్రయోగశాల ద్రావణంలో ఈ చివరిదానికి చోటే లేదు, ఎందుకంటే అక్కడ వేరుకు ఎటు తిరిగినా బోరానే. పొలంలో బతికిన మొక్క ద్రావణంలో చావవచ్చు, ద్రావణంలో గెలిచిన మొక్క పొలంలో కొత్తేమీ చేయకపోవచ్చు. మొలకదశలో వేరు పొడవు కొలవడం త్వరగా అయ్యే పరీక్ష. పంటదశలో గింజ తూకం చూడడం ఏళ్లు పట్టే పరీక్ష. మొదటిది చేసి రెండోదాని భాషలో రాయడం పరిశోధకుల సారాంశాల్లోనే అప్పుడప్పుడు కనిపిస్తుంది. అనువదించేవారు దానిని ఇంకొంచెం పెంచుతారు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. సాధారణ పాఠకుడికి ఇన్ని క్రియలెందుకు, ‘తట్టుకునే’ చాలదా? తోడిపోయడం, పక్కకు జరపడం, భరించడం, తప్పించుకోవడం – ఈ నాలుగూ తెలుగు ఇంటి మాటలే. ‘సహిష్ణుత’, ‘ప్రతిబల సహనశీలత’ వంటి కూర్పుల కంటే ఇవే సులభం. సంస్కృతసమాసం తెచ్చిపెట్టే గాంభీర్యం కోసం అర్థాన్ని వదులుకోవడం పరిభాష నిర్మాణంలో చాలాకాలంగా ఉన్న బలహీనత. ఒక శాస్త్రపదానికి ఒకే తెలుగు పదం ఉండాలనే నియమం కూడా దానికి తోడైంది. మూల పదమే గందరగోళంగా ఉన్నప్పుడు దానికి నమ్మకంగా ఉండడం కంటే, జరిగే పనికి నమ్మకంగా ఉండడం అనువాదకుడి బాధ్యత.

7. తెలుగు నేలల వైపు:

ఈ చర్చ తెలుగు పాఠకుడికి దూరదేశపు ముచ్చటగా కనిపించవచ్చు. తెలుగు రాష్ట్రాల్లో గోధుమ సాగు స్వల్పం. బోరాన్ విషయంలో ఇక్కడి మెట్టనేలల ప్రధాన సమస్య ఆధిక్యం కాదు, లోపం. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు మహబూబ్‌నగర్, నల్లగొండ, కర్నూలు జిల్లాల రైతుల పొలాల మట్టిని పరీక్షించినప్పుడు గంధకం, జింకులతోపాటు బోరాన్ కూడా విస్తృతంగా లోపించినట్లు తేలింది. బోరాన్ చాలని నేలలో వేరుశనగ కాయ పైకి బాగానే కనిపిస్తుంది. ఒలిచి పప్పును రెండు బద్దలు చేస్తే లోపల గుంటపడి, గోధుమరంగుకు తిరిగి ఉంటుంది.

అదే చోట మాట విలువ తేలుతుంది. ఒక విత్తనం ‘బోరాన్‌ను తట్టుకుంటుంది’ అని సంచి మీద ఉంటే, బోరాన్ లోపమున్న నేల రైతు దానిని ఎలా అర్థం చేసుకోవాలి? బోరాన్ తక్కువైనా తట్టుకుంటుందనా, ఎక్కువైనా తట్టుకుంటుందనా? బెట్టను తట్టుకునే రకం అన్నప్పుడు లేమిని తట్టుకోవడం, చౌడును తట్టుకునే రకం అన్నప్పుడు ఆధిక్యాన్ని తట్టుకోవడం మన వాడుక. బోరాన్‌కు ఈ రెండు ముఖాలూ ఉన్నాయి కనుక వాక్యం రెండు వైపులా తెరుచుకుంటుంది. ‘బోరాన్‌ను తోడిపోసే రకం’ అని రాసి ఉంటే ఆ రైతు కనీసం ఒక్క క్షణం ఆగి, తన నేలలో ఉన్నదే కొంచెమైనప్పుడు దానిని కూడా తోడిపోసే వేరు తనకు ఎందుకు అని అడుగుతాడు. భిన్నమైన నేలలున్న ప్రాంతాల గోధుమ రకాల్లో ఈ జన్యువుకు బలమైనవీ బలహీనమైనవీ అనేక రూపాలు దొరకడం చూస్తే, ఆ ప్రశ్న ప్రజనకులు కూడా ప్రతి నేల దగ్గరా కొత్తగా వేసుకోవలసినదే. మట్టి పరీక్ష కాగితం మీద బోరాన్ వరుసలో ఉన్న అంకెను చూడకుండా దానికి జవాబు లేదు.